గోరుచుట్టుపై రోకటిపోటు

నగరమున ఒక ఘోరము జరుగును. మరునాటి పత్రికలో నిందితుని పేరు, అతనిని పట్టుకొన్న అధికారి పేరు, వాడిన ఆయుధము, పోలీసులు ఎంత సేపటిలో నేరస్థలమునకు చేరిరో ఆ వివరము, అన్నియు నుండును. దెబ్బ తిన్న మనిషి మాత్రము ‘బాధితురాలు’ అను నొక్క మాటలో నిమిడిపోవును. మూడవనాటికి ఆ మాటయు మాయమగును. ఏండ్ల తరువాత తీర్పు వెలువడిననాడు మరల నొకమారు తలయెత్తును. ఈ నడుమ ఆమె యెట్లు బ్రదికినది, ఎన్ని రాత్రులు నిద్రలేక గడపినది, ఒకే కథను ఎందరి యెదుట ఎన్నిమార్లు చెప్పవలసి వచ్చినది, మొదట కొట్టినవాడే మరల కొట్టుటకు వచ్చినాడా లేదా అనునవి మన బహిరంగజీవనమున ప్రశ్నలుగనే పరిగణింపబడుట లేదు. హైదరాబాదు పాతబస్తీ చరిత్రను గడచిన యేబది యేండ్లుగా పరిశీలించినవారికి ఈ ప్రశ్నల గురుత్వము బోధపడకమానదు.

మన శిక్షాశాస్త్రము ఆంగ్లేయులు మనకు విడిచిపోయిన సొత్తు. నేరము రాజ్యమునకు జరిగిన అపచారమని దాని మూలసిద్ధాంతము. కావున ప్రభుత్వము వాది, నిందితుడు ప్రతివాది, దెబ్బ తిన్నవాడో, సాక్షి మాత్రమే. సాక్షికి హక్కు లుండవు, విధు లుండును. పిలిచినప్పుడు రావలెను, అడిగినదానికి బదులు చెప్పవలెను, పొమ్మన్నప్పుడు పోవలెను. 1860 నాటి శిక్షాస్మృతియు, 1872 నాటి సాక్ష్యచట్టమును 2024 జూలై 1వ తేదీతో తొలగిపోయి, వాని స్థానమున న్యాయసంహితలు వచ్చినవి. దర్యాప్తు ఎంతవరకు వచ్చినదో తొంబది దినములలోగా బాధితులకు తెలుపవలెనని క్రొత్త నాగరిక సురక్షా సంహిత విధించుట మెచ్చదగినదే. కాని నియమము అచ్చుకాగితముపై నుండుట వేరు, ఠాణా గడప దాటి గల్లీలోనికి వచ్చుట వేరు.

దెబ్బ యనగా దేహమునకు తగిలినది మాత్రమే యని పూర్వము తలంచెడివారు. 1974లో అమెరికాలోని బోస్టన్ నగరమున ఆన్ బర్జెస్ అను నర్సు ఆచార్యురాలును, లిండా హోమ్‌స్ట్రమ్ అను సమాజశాస్త్రజ్ఞురాలును, ఆసుపత్రి అత్యవసర విభాగమునకు వచ్చిన అత్యాచార బాధితులను పరిశీలించి, శరీరమునకు గాయము మానినను మనసునకు మానక వారములు, నెలలు, ఒక్కొకచో ఏండ్లు పీడించు లక్షణములను వివరించిరి. 1980లో అమెరికను మానసిక వైద్యులు ఇట్టి ఆఘాతానంతర వ్యాధికి తమ రోగపట్టికలో స్థాన మిచ్చిరి. వియత్నాము యుద్ధమునుండి తిరిగివచ్చిన సైనికుల బాధయు, అత్యాచారమునకు గురియైన స్త్రీల బాధయు ఒకే జాతివని జుడిత్ హెర్మన్ 1992లో తన గ్రంథమున విపులముగా నిరూపించినది.

ఈ శాస్త్రమున మనకు ముఖ్యముగా కావలసిన యంశ మొక్కటి. భయంకరమైన ఆపదలో చిక్కిన మనసు సంగతులను వరుసగా దాచుకొనదు. ఒక వాసన, ఒక తలుపు చప్పుడు, గోడమీది గడియారము స్పష్టముగా నిలిచిపోవచ్చును; ఏది ముందు జరిగినదో, ఏది వెనుక జరిగినదో చెదరిపోవచ్చును. కొందరు ఏడ్తురు. కొందరు రాయివలె కూర్చుందురు. పారిపోదమన్నను కాళ్ళు కదలవు, అఱవబోయినను నోరు పెగలదు. ఇవి యన్నియు గాయపడిన మనసు లక్షణములు. అయితే మన కోర్టులయందు ఈ లక్షణములే అబద్ధపు లక్షణములుగా చెల్లుబాటైనవి. మొదటి వాఙ్మూలమునకును రెండవదానికిని పొంతన లేదు గనుక కల్పన. కేక వేయలేదు గనుక సమ్మతి. కన్నీరు పెట్టలేదు గనుక నటన. వైద్యుడు రోగచిహ్నమని చూపునది న్యాయవాదికి ఆయుధ మైనది. ఇంతకంటె గోరుచుట్టుపై రోకటిపోటు మఱేమి కావలెను?

1978 మార్చి చివర ఈ నగరమున జరిగినదానిని వృద్ధు లింకను మరువలేదు. సినిమా చూచి రాత్రివేళ ఇంటికి పోవుచున్న ఒక బీద ముస్లిం దంపతులను నల్లకుంట పోలీసులు, అకారణముగా తిరుగుచున్నారను నెపముతో, ఠాణాకు తీసికొనిపోయిరి. భర్త రిక్షా త్రొక్కి జీవించువాడు. భార్యను చెఱచిరనియు, ప్రశ్నించిన భర్తను కొట్టగా అతడు మరణించెననియు అభియోగము. నల్లకుంట మూసీకి ఉత్తరమున నున్నది, పాతబస్తీలోనిది కాదు. అయినను శవముతో బయలుదేరిన జనాగ్రహము నగర మంతటను వ్యాపించి, పాతబస్తీని ముంచి, రాష్ట్రములోని యితర పట్టణములకు ప్రాకెను. కాల్పులు జరిగెను, కర్ఫ్యూ విధించిరి, మరికొన్ని ప్రాణములు పోయినవి. ప్రభుత్వము హైకోర్టు న్యాయమూర్తి ముక్తదర్ గారిని విచారణకు నియమించెను. ఆ కమిషను ఎదుట జరిగినదియే మన ప్రస్తుత విషయమునకు నిలువుటద్దము.

పోలీసుల దుష్కృత్యములపై విచారణ యనగా పోలీసులను విచారింతురని జనము తలంచిరి. జరిగినది వేరు. ఆమె యెవరు, పూర్వ మెవరెవరితో కాపురము చేసినది, ఆ చనిపోయినవానికి ఆమె ధర్మపత్నియా కాదా, ఆమె నడవడి యెట్టిది, ఇవి ప్రధాన చర్చాంశము లైనవి. ఆమె వ్యభిచారిణి యని చెప్పుటకు వరుసగా సాక్షులను ప్రవేశపెట్టిరి. కండ్ల యెదుట భర్తను పోగొట్టుకొన్న స్త్రీ, ఆ మరణమునకు దుఃఖించు అర్హత తనకు గలదా లేదా యని వాదించుకొనవలసిన స్థితికి వచ్చినది. న్యాయమూర్తి ముక్తదర్ గారు ఈ పొగమంచును భేదించి, అత్యాచారమును హత్యయు జరిగినవనియే నిర్ధారించి, పోలీసులను దోషులుగా పేర్కొనుట ఆయన ధీరతకు నిదర్శనము. అయితే కమిషను శిక్ష విధింపజాలదు. కేసు కర్ణాటకములోని రాయచూరు సెషన్సు కోర్టునకు బదిలీ యయ్యెను. 1981లో నిందితులు నిర్దోషులుగా విడుదలైరి. ఆమె నడతపై వేసిన బురద మాత్రము ఆమెతోనే నిలిచిపోయినది.

ఆమె పేరును మేము వ్రాయలేదు. ఆ పేరు తెలియనివారు ఆనాటి నగరమున లేరు. గోడలమీద వ్రాసిరి, ఊరేగింపులలో నినదించిరి, పత్రికలు పతాకశీర్షికలలో నచ్చువేసినవి. ఆమెకై పోరాడినవారును, ఆమెను దూషించినవారును ఆ పేరును సమానముగా వాడుకొనిరి. అట్టి పేర్లను ప్రకటింపరాదను నిషేధము 1983లో చట్టమున చేరినది. ఆ చట్టము వచ్చుటకు దోహదమిచ్చిన కేసులలో ఆమె కేసు నొకటి. తనవలన పుట్టిన రక్షణ తనకు దక్కని దౌర్భాగ్యము ఆమెది.

ఆ 1983 చట్టసవరణకు ప్రధాన ప్రేరణ మహారాష్ట్రలోని చంద్రపూరు జిల్లా గిరిజన బాలిక కేసు. 1972లో ఠాణాలోనే జరిగిన దుర్మార్గమును, గాయములు లేవు గనుక ఆమె ఒప్పుకొన్నదే యని సుప్రీంకోర్టు త్రోసిపుచ్చగా, ఉపేంద్ర బక్షీ మొదలగు నలుగురు న్యాయశాస్త్ర ఆచార్యులు 1979లో ప్రధాన న్యాయమూర్తికి బహిరంగలేఖ వ్రాసిరి. హైదరాబాదు కేసులో విడుదలలు జరిగినప్పుడు ఇచటి స్త్రీశక్తి సంఘటన, బెంగుళూరు విమోచన వంటి మహిళాసంఘములు చేసిన యాందోళనయు దానికి తోడైనది. ఫలితముగా పోలీసు నిర్బంధములో జరిగిన అత్యాచారమునకు వేరుగా శిక్ష యేర్పడినది. సంపర్కము రుజువై, సమ్మతి లేదని స్త్రీ చెప్పినయెడల సమ్మతి లేదనియే కోర్టు భావింపవలె నను నియమము వచ్చినది. విచారణ మూసిన తలుపుల వెనుక జరుగవలె ననిరి. అంతవరకు బాగుగనే యున్నది. కాని స్త్రీ శీలమును దూషించి సాక్ష్యమును తేలిక చేయవచ్చునన్న సాక్ష్యచట్టములోని నిబంధన మరి పందొమ్మిదేండ్లు, అనగా 2002 వరకు, చెక్కుచెదరక నిలిచినది! నడవడి ప్రశ్నలను మరింత కట్టడి చేయుటకు 2013 రావలసివచ్చెను. వైద్యపరీక్ష పేర జరుగుచుండిన రెండువ్రేళ్ళ పరీక్ష స్త్రీ గౌరవమునకు భంగకరమని సుప్రీంకోర్టు 2013లో చెప్పినది. చెప్పినను ఆగలేదు గనుక 2022లో మరల చెప్పి, ఇకపై జరుపువారు దుష్ప్రవర్తన దోషులగుదురని హెచ్చరించినది. ఒక్క అవమానమును తొలగించుటకు ఒక తరము పట్టినది.

కురుసభలో ద్రౌపది అడిగిన ప్రశ్న ధర్మశాస్త్రమునకు సంబంధించినది. తన్ను తాను ఓడినవాడు నన్నెట్లు పందెమొడ్డగలడని ఆమె యడిగినది. దానికి బదులు చెప్పలేని సభ ఆమె నడవడిని చర్చకు పెట్టినది. ఐదుగురు భర్తలుగల దానికి మానమేమిటని కర్ణుడు వాదించెను. ఇదంతయు ఆలకించుచు పెద్దలు కూర్చుండిరి. ప్రశ్నకు సమాధానము లేనప్పుడు ప్రశ్నించినదాని శీలమును చర్చించుట ఎంత ప్రాచీనమైన న్యాయవాద కౌశలమో దీనివలన తెలియుచున్నది. నాంపల్లి కోర్టు ఆవరణలో నేటికిని ఆ కౌశలమునకు ఫీజు ముట్టుచునే యున్నది.

ఇంతవరకు చెప్పినది రెండవ దెబ్బను గూర్చి, అనగా రక్షింపవలసినవారు కొట్టు దెబ్బను గూర్చి. మూడవది కలదు. ఒకమారు దెబ్బ తిన్నవారే మరల మరల దెబ్బ తినుట.

పాతబస్తీలో దీనికి సిగ్గుతో చెప్పుకొనదగిన ఉదాహరణము షేకుల పెండ్లిండ్లు. 1991 ఆగస్టులో హైదరాబాదునుండి ఢిల్లీకి పోవు విమానమున, పదేండ్ల బాలిక యొకతె ఏడ్చుచుండగా, అమృతా అహ్లువాలియా యను విమానపరిచారిక కారణ మడిగెను. ప్రక్కనున్న అరువదేండ్ల సౌదీ దేశస్థుడు ఆ బాలికకు భర్త యట! ఆ పరిచారిక మిన్నకుండియుండినచో ఆ బిడ్డ దేశము దాటిపోయెడిది. ఢిల్లీలో నతనిని పట్టుకొనిరి. దేశమంతటను గగ్గోలు పుట్టెను. పత్రికలు బాలిక పేరును ముఖచిత్రమును ప్రకటించి అమ్ముకొన్నవి. ఆమెను ప్రభుత్వ సంరక్షణాలయమున నుంచిరి. ఆమె యెవరి చెంత నుండవలెనో కోర్టులు తర్జనభర్జన చేసినవి. రక్షింపబడిన పదేండ్ల పిల్లకు, తప్పు చేసినది తానే యను భావము కలుగుట కింతకంటె ఏర్పాటు వేరే కావలెనా?

ఆ కేసు ప్రసిద్ధికెక్కినది. ప్రసిద్ధికెక్కనివి ఎన్నో దళారులకే తెలియును. పద్ధతి యిది. గల్ఫు దేశమునుండి వృద్ధుడొకడు సందర్శకుని వీసాపై దిగును. దళారి, సామాన్యముగా ఆ వాడలోనిదే యైన స్త్రీ, పిల్లలను చూపును. బేరము కుదురును. ఖాజీ నిఖా చదువును. ఒక్కొకచో ఆ కూర్చున్న చోటనే తలాఖ్ కాగితముపైనను సంతకము జరిగిపోవును, తేదీ మాత్రము ఖాళీగా నుండును. వరుడు హోటలులో కొన్ని దినములో కొన్ని వారములో గడపి విమాన మెక్కును. సొమ్ములో దళారికింత, ఖాజీకింత పోగా మిగిలినది తలిదండ్రులకు. నాలుగు నెలలకు దళారి మరల ఆ యింటికే వచ్చును. ఇరుగుపొరుగు ఇండ్లు విడిచి ఆ యింటికే ఏల? ఆ పిల్లకు ఇక ‘మంచి సంబంధము’ రాదని వారికిని తెలియును, దళారికిని తెలియును గనుక. మొదటి నేరమే రెండవ నేరమునకు పెట్టుబడి. ఇట్లు ఒకే పిల్లకు పలుమార్లు నిఖా జరిగిన సందర్భములు ఈ నగరమున పనిచేయు సంఘసేవకులకు క్రొత్త కాదు. 2017 సెప్టెంబరులో హైదరాబాదు పోలీసులు ఒమాన్, ఖతార్ దేశస్థులు ఎనమండుగురను, ఖాజీలను, దళారులను ఒక్కమారుగా నిర్బంధించినప్పుడు, ఇది పాతబస్తీకి పరిమితమైన చిల్లర వ్యాపారము కాదనియు, బొంబాయివరకు దీనికి కొసలున్నవనియు లోకమునకు వెల్లడియైనది.

చట్టము లేకకాదు. సొమ్మునకు అమ్మి మైనరునకు చేసిన పెండ్లి మొదటినుండియు చెల్లదని 2006 నాటి బాల్యవివాహ నిషేధచట్టము చెప్పుచున్నది. పదునెనిమిదేండ్లలోపు భార్యతో సంపర్కము సైతము అత్యాచారమే యని 2017 అక్టోబరు 11న సుప్రీంకోర్టు తీర్పుచెప్పినది. ఆ పిల్లను మరల మరల అమ్ముటను ఈ శాసనములు ఆపలేకుండుటకు కారణ మొక్కటే. శాసనము ఫిర్యాదుకొఱకు వేచియుండును. ఫిర్యాదు చేయవలసినది ఆమె తండ్రి, అమ్మినవాడును అతడే.

దెబ్బ తిన్నవారే మరల దెబ్బ తినుట మన గల్లీల ప్రత్యేకత కాదు. ఇంగ్లండులో మాంచెస్టరు సమీపమున రాచ్‌డేల్ అను పట్టణమున కిర్క్‌హోల్ట్ అను పేదల వాడ కలదు. 1980 దశకమధ్యమున అచట ఇండ్లకు కన్నములు విపరీతముగా పడుచుండెను. పోలీసులు లెక్కలు తీయగా, ఒకమారు కన్నము పడిన యింటికి మరల కన్నము పడు అవకాశము తక్కిన యిండ్లకంటె ఎన్నో రెట్లు హెచ్చుగా నుండుట, అదియు మొదటి దొంగతనము జరిగిన కొద్దికాలములోనే సంభవించుట కనుగొనిరి. కావున వాడ నంతటిని కాపలా కాయుట మాని, దెబ్బ తిన్న యింటినే కాపాడ నారంభించిరి. తలుపులు బాగుచేసిరి, చిల్లర నాణెములు పడు గ్యాసుమీటర్లను తొలగించిరి, చుట్టునున్న ఐదాఱిండ్లవారిని ఆ యింటికి కన్నులుగా ఏర్పరచిరి. దొంగతనములు విశేషముగా తగ్గిపోయెను. ఇందు తత్త్వము లేదు, వేదాంతము లేదు. దొంగ యెక్కడికి మరల వచ్చునో తెలిసికొని అచట నిలుచుట మాత్రమే యున్నది.

దేహముపై జరుగు దౌర్జన్యములకును ఈ లెక్క చాలవరకు వర్తించును. భార్యను కొట్టువాడు ఒక్కసారి కొట్టి ఊరకుండుట అరుదు. నేరస్థుడు అదే యింటనో, అదే గల్లీలోనో ఉన్నప్పుడు రెండవ దెబ్బకు దూరము నడువనక్కఱలేదు. పైగా గాయపడిన మనసు అపాయమును గుర్తింపలేని స్థితికి వచ్చును: ఒక్కొకప్పుడు ఆకు కదలినను ఉలికిపడును, ఒక్కొకప్పుడు పిడుగు పడినను చలింపదు. వద్దనుట వ్యర్థమని ఒకమారు నేర్చుకొన్న నోరు రెండవమారు వద్దనుటకు జంకును. దీనిని చూచి ‘ఆమె స్వభావమే అంత’, ‘ఆ యింటివారి కది అలవాటే’ యని తీర్పరులు కొందరు బయలుదేరుదురు. వారితో మేము ఏకీభవింపము. విరిగిన కాలు మరల విరుగుట కాలి స్వభావము కాదు; కట్టు కట్టినవాడు లేకుండుటచే జరిగినది.

ఒక్క మనిషికే గాక, ఒక వాడకును ఇట్లు జరుగవచ్చును. 1978 మొదలు 1984 వరకు పాతబస్తీలో మతకలహములు లేని సంవత్సరము అరుదు. 1990 డిసెంబరులో జరిగినవానిలో నూరుమందికి పైగా హతులైరి. చాలమంది ఇండ్లలోను గల్లీలలోను కత్తిపోట్లకు బలియైనవారు. మరణించినవారిలో హిందువులును గలరు, ముసల్మానులును గలరు; ఎవరెందరను లెక్కతో తమ వాదమును నిలుపుకొనువారికి మేము ఆ లెక్కను అందించువారము కాము. ఢిల్లీకి చెందిన మనోవిశ్లేషకుడు సుధీర్ కాకర్ ఆ కల్లోలానంతరము ఇచటికి వచ్చి, ఉభయమతముల బాధితులతోను, కలహములందు పాల్గొన్న పహిల్వానులతోను సంభాషించి 1996లో ఆంగ్లమున ఒక గ్రంథమును ప్రకటించెను. మన నగరమునకు తగిలిన మానసిక గాయమును పరీక్షించుటకు బయటినుండి వైద్యుడు రావలసివచ్చినందుకు మన విద్యాలయములు కొంత సిగ్గుపడినను దోషము లేదు.

2007 మే 18వ తేదీ శుక్రవారము మక్కా మసీదులో బాంబు ప్రేలి తొమ్మండుగురు మరణించిరి. బయట అలజడి చెలరేగగా పోలీసులు కాల్చిన తుపాకులకు మరి యైదుగురు బలియైరి. ప్రేలుడులో బంధువును పోగొట్టుకొన్న వాడలోనే కాల్పులలో బంధువును పోగొట్టుకొన్న యిల్లు కలదు. అంతటితో ముగియలేదు. అనుమానముపై యువకులను పట్టుకొనిపోయి హింసించిరను ఆరోపణలు వచ్చినవి; రాష్ట్ర మైనారిటీ కమిషను తరఫున న్యాయవాది విచారించి వానిని సమర్థించు నివేదిక నిచ్చెను. తరువాత దర్యాప్తు పూర్తిగా వేరొక దిక్కునకు మరలెను. తుదకు 2018 ఏప్రిల్ 16న నాంపల్లిలోని ప్రత్యేక న్యాయస్థానము విచారణ నెదుర్కొన్న ఐదుగురను సాక్ష్యము చాలలేదని విడుదల చేసెను. నిర్దోషి శిక్షింపబడరాదనుట సరియే. ఆ తొమ్మండుగురి కుటుంబములకు మాత్రము, తమవారిని చంపిన దెవరు అను ప్రశ్నకు పదునొకండేండ్ల తరువాత లభించినది శూన్యము.

ఈ మౌనము మనకు క్రొత్త కాదు. 1948లో రజాకార్ల దౌర్జన్యమునకు బైరాన్‌పల్లి వంటి గ్రామములు శ్మశానము లైనవి. ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లా ఖాన్ నగరమున దారుణముగా హతుడయ్యెను. ఆ సెప్టెంబరు సైనికచర్య వెనుక ముసల్మానులపై జరిగిన ఘాతుకములను విచారించి పండిత సుందర్‌లాల్ బృందము నివేదిక నిచ్చెను. ఆ నివేదికను ప్రభుత్వము దశాబ్దములపాటు ప్రకటింపలేదు. దేశక్షేమము కొఱకే దాచితిమని చెప్పవచ్చును. దేశమును ప్రేమించువారిలో నేటికిని ఇట్టి భావము కలవారున్నారు: ఈ గాయములను గెలుకుట యేల, లోకము మనలను చూచి నవ్వదా యని. గాయమును కప్పుట వేరు, కట్టుట వేరు. కప్పినది చీము పట్టును. ఆ చీమునే పహిల్వానులును, ఉభయపక్షముల వక్తలును ఎన్నికల వేళ బయటికి తీసి పులుముచుందురు. మత విషయములలో పోలీసుల జోక్య మేమిటని షేకుల పెండ్లిండ్లను సమర్థించు పెద్దలకును ఇదే సమాధానము. మహరును బాలిక కీయక దళారి కిచ్చు పెండ్లి ఏ మతమునకును సంబంధించినది కాదు.

చేసినది బొత్తిగా లేదని చెప్పుట న్యాయము కాదు. 2014లో షీ టీములు ఏర్పడినవి. 2016లో సైఫాబాదు హాకా భవనమున ‘భరోసా’ కేంద్రము తెఱచిరి. వైద్యుడు, న్యాయసలహా, మానసికోపశమనము, వాఙ్మూలము ఒక్కచోటనే లభించునట్లు, బాధితురాలు పది కార్యాలయముల గడపలు త్రొక్కకుండునట్లు చేయుట దాని యుద్దేశము. ఇది మేలైన యాలోచన. పాతబస్తీలో సుల్తాన్‌షాహీ యందు కవయిత్రి జమీలా నిషాత్ 2002లో స్థాపించిన ‘షాహీన్’ సంస్థ గృహహింసకును షేకుల పెండ్లిండ్లకును గురియైన స్త్రీలతో పనిచేయుచున్నది. స్త్రీలను ఠాణాకు పిలిపింపరాదు, వారి యిండ్లలోనే విచారింపవలెనని చట్టము ఏనాటినుండియో చెప్పుచున్నది. పిల్లలయెడ పోలీసులు యూనిఫారముతో పోరాదని 2012 నాటి పోక్సో చట్టము చెప్పుచున్నది.

పరిహారపు మాట యొకటి మిగిలియున్నది. దొంగలు దోచిన సొత్తును పట్టి యీయలేని రాజు తన బొక్కసమునుండి చెల్లింపవలెనని కౌటిల్యుడు మొదలగువారు విధించిరి. రక్షణ కొఱకు పన్ను గొన్నవాడు రక్షింపలేనప్పుడు ఋణపడునను సూత్రమది. రాష్ట్రములు బాధితుల పరిహారమునకు పథక మేర్పరుపవలెనని మన దండవిధానములో చేరినది 2009 చివరనే! ఐక్యరాజ్యసమితి ప్రకటన వెలువడినది 1985లో. రెండు సహస్రాబ్దుల నాటి స్మృతికారులను మరచి, ఐక్యరాజ్యసమితి చెప్పిన యిరువదినాలుగేండ్లకు మేల్కొంటిమి. ఇట్లు లభించు పరిహారమును దానముగా భావింపక బాకీగా భావింపవలయును. నిందితునికి శిక్ష పడినను పడకున్నను అది చెల్లవలెనని చట్టమే చెప్పుచున్నదను సంగతి, దరఖాస్తు పట్టుకొని న్యాయసేవాధికార సంస్థకు పోవువారిలో ఎందరికి తెలియును?

లోపమంతయు మొదటి నెలలో నున్నది. రెండవ దెబ్బ ముప్పు హెచ్చుగా నుండు కాలమును అదే, మనసు చికిత్సకు లొంగు కాలమును అదే. ఆ నెలలో ఆ యింటి కెవరును పోరు. మానసిక వైద్యమన్నచో నగరవాసులకు ‘ఎఱ్ఱగడ్డ’ యను నొక్క మాటయే స్ఫురించును. ఆ మాట వేళాకోళముగా మారి యెన్నో ఏండ్లయినది. పాతబస్తీలో ఏ తల్లి తన కూతురిని అచటికి తీసికొనిపోవును? తీసికొనిపోయిన సంగతి పొక్కినచో పెండ్లి మాట యేమగును? కావున చికిత్స అఫ్జల్‌గంజు ఉస్మానియా ఆసుపత్రిలోను, పేట్లబురుజు ప్రసూతి ఆసుపత్రిలోను, బస్తీ దవాఖానాలలోను, జ్వరమునకు మందిచ్చు గదిప్రక్క గదిలోనే లభింపవలెను. పేరు మార్చి పెట్టినను తప్పులేదు.

ప్రతి ఠాణాలో రౌడీషీట్లున్నవి. రౌడీ యింటికి ఏ రాత్రి కానిస్టేబులు పోయి తలుపు తట్టవలెనో, ఎన్నిమార్లు తట్టినాడో వ్రాయుటకు పుస్తకమున్నది. ఆ రౌడీ చేత దెబ్బ తిన్నవారి యింటికి పోవుటకు పుస్తకము లేదు. చార్మినారు, శాలిబండ, చాంద్రాయణగుట్ట, సంతోష్‌నగరు మొదలగు ఠాణాలలో అట్టి పుస్తకమొకటి తెఱచి, ఉర్దూ తెలుగు రెండును వచ్చిన స్త్రీ యుద్యోగి సాధారణ వస్త్రములతో మూడవనాడు, పదవనాడు, నెలనాడు ఆ యింటికి పోయి, ఆమె నిద్రపోవుచున్నదా, బడికి పోవుచున్నదా, దళారి కాని నిందితుని బంధువు కాని రాజీ మాటలతో వచ్చినారా యని కనుగొని వ్రాసికొనుటకు భవనములు కట్టనక్కఱలేదు, క్రొత్త చట్టము చేయనక్కఱలేదు. ఠాణాకు ఇద్దరు ఉద్యోగినుల జీతము చాలును. రాబోవు ఆయవ్యయ పట్టికలో హోం శాఖ క్రింద దీనికై ప్రత్యేకముగా నొక పద్దు చూపుదురా, లేక కెమెరాల సంఖ్యనే మరల హెచ్చింతురా యను విషయమై శాసనసభ్యులు, ముఖ్యముగా పాతబస్తీ ప్రతినిధులు, సభలో ప్రశ్న వేయవలసియున్నది.